వెనుక వరుసలో నయీముద్దీన్

ద్వారకా తిరుమలకు ఫుట్‌బాల్ ఊరి ఆట కాదు. కొండ కింద ఖాళీ జాగాల్లో పిల్లలు క్రికెట్ ఆడతారు. కొల్లేటి గ్రామాల వైపు పోతే చెడుగుడు ఆడేవారు కనబడతారు. అయినా నా విద్యార్థులు కొందరు ఐరోపా జట్ల ఆటలు చూస్తూ రాత్రి రెండు గంటలదాకా మేలుకొని, మర్నాడు ఛందస్సు పాఠంలో కునికిపాట్లు పడుతుంటారు. వారిలో ఒకడు ఆమధ్య నన్ను అడిగాడు: "మాస్టారండీ, అక్కడ ఒక్క బ్యాక్ ఆటగాణ్ణి కొనడానికి వందల కోట్లు పోస్తున్నారు. మనవాళ్ళలో అట్లాంటివాడు ఒక్కడైనా ఉన్నాడాండీ?"

ఉన్నాడన్నాను. సయ్యద్ నయీముద్దీన్, 1944లో హైదరాబాదులో పుట్టినవాడు, 1970లో భారత జట్టుకు నాయకుడు అని చెప్పాను. కుర్రవాడు వెంటనే వేసిన రెండో ప్రశ్న: "ఎన్ని గోల్స్ కొట్టాడండీ?"

ఈ రెండు ప్రశ్నలకూ సరైన జవాబు చెప్పాలంటే కొంత చరిత్రలోకి పోక తప్పదు. ఒకటి ఆటగాడి కూలికి సంబంధించినది, మరొకటి అతని పనిని లెక్కగట్టే పద్ధతికి సంబంధించినది.

"కొనడం" అన్న మాటను కుర్రవాడు మామూలుగానే వాడాడు. కాని ఆ మాట వెనుక ఒక పోరాటమున్నది. ఇంగ్లండులో 1885లో ఆటగాడు డబ్బు పుచ్చుకొని ఆడటం చట్టసమ్మతమయింది. దాంతో అతడు స్వతంత్రుడు కాలేదు. 1961 దాకా వారానికి 20 పౌండ్లు మించి ఏ ఆటగాడికీ ఇవ్వకూడదని నిబంధన. ఆటగాళ్ళ సంఘం సమ్మె చేస్తామని హెచ్చరిస్తేగాని అది పోలేదు. ఒప్పందం ముగిసిన తర్వాత కూడా ఆటగాణ్ణి క్లబ్బు అట్టిపెట్టుకోగల పద్ధతిని ఈస్ట్‌హామ్ అనే ఆటగాడు న్యాయస్థానానికి ఈడ్చాడు. 1963 తీర్పుతో అది సగం కూలింది. అంటే అక్కడ ఆటగాడు తాను శ్రామికుణ్ణని ఒప్పుకొని, శ్రామికుడివలెనే కొట్లాడాడు.

మన దేశంలో అందుకు తలకిందుగా జరిగింది. కాగితం మీద మన ఆటగాళ్ళందరూ ఔత్సాహికులు. ఒలింపిక్స్‌కు పోవాలంటే అట్లాగే ఉండాలి. కాని ఔత్సాహికుడికీ ఆకలి వేస్తుంది. హైదరాబాదు దానికి కనిపెట్టిన ఉపాయం పోలీసు ఉద్యోగం. ఆటగాడికి కానిస్టేబులు జీతం ఇచ్చి, ఆట ఆడించుకున్నారు. కూలి ఆటకే గాని, జీతాల పట్టీలో ఆట మాట ఉండదు.

ఆ హైదరాబాదు సిటీ పోలీసు జట్టును 1950 నుంచి 1963లో తాను చనిపోయేదాకా తీర్చిదిద్దినవాడు సయ్యద్ అబ్దుల్ రహీం. వృత్తిరీత్యా బడిపంతులు. (మన అధ్యాపకులు గర్వపడవలసిన విషయమే గాని, బొంబాయివారు 2024లో ఆయన మీద సినిమా తీసేదాకా మనలో ఎందరికి ఆ పేరు తెలుసు?) ఆయన బోధన పంతులుగారి బోధనే. బంతిని ఒక్కడే అట్టిపెట్టుకొని తిప్పరాదన్న నియమంతో పోటీలు, అలవాటు లేని కాలితోనే ఆడాలన్న నియమంతో పోటీలు పెట్టేవాడు. ఒక్కడి చమత్కారం మీద ఆధారపడిన ఆటను పదకొండుమంది కలిసి చేసే పనిగా మార్చాడు. ఆ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా అయిదేళ్ళు బొంబాయిలో రోవర్స్ కప్పు గెలిచింది. 1950లో మోహన్ బగాన్‌ను ఓడించి డ్యూరాండ్ కప్పు కూడా తెచ్చింది.

ఈ మాటలే ఒక సాహిత్య సభలో అంటే, ఒక పెద్దాయన నా మీద మండిపడ్డారు. "1950లో తెలంగాణ పల్లెల్లో పోలీసులు ఏం చేస్తున్నారో నీకు తెలియదా? ఆ జట్టునా నువ్వు పొగిడేది?" అన్నారు. ఆయన కోపం న్యాయమైనది. సాయుధ పోరాటం 1951 అక్టోబరు దాకా సాగింది. పల్లెల మీద పడిన బలగాలు వేరు, నగర పోలీసు వేరు అని తప్పించుకోవడం నాకు ఇష్టం లేదు, అధికారం ఒక్కటే. కాని ఆ మైదానంలో నిలబడిన మనుషులెవరు? ఎక్కువమంది హైదరాబాదు పేద ముస్లిం కుటుంబాల పిల్లలు. 1948 సెప్టెంబరు పోలీసు చర్య తర్వాత హైదరాబాదు రాజ్యంలో 27 వేల నుంచి 40 వేలమంది దాకా చనిపోయి ఉంటారని సుందర్‌లాల్ కమిటీ అంచనా వేసింది. వారిలో అత్యధికులు ముస్లింలు. కొత్త పాలనలో ముస్లిం ఉద్యోగులు పెద్దసంఖ్యలో కొలువులు పోగొట్టుకున్నారు. అట్లాంటి రెండేళ్ళ తర్వాత ఈ కుర్రవాళ్ళు దేశంలో పేరుమోసిన జట్లను వరసగా ఓడించారు. యూనిఫారాన్ని చూసి మనిషిని చూడకపోతే మనం వర్గదృష్టి అని చెప్పుకునేది సగమే అవుతుంది. పెద్దాయన నాతో ఏకీభవించలేదు. ఆ చర్చ మా మధ్య ఇంకా తెగలేదు.

ఆ జట్టు వెనుక వరుసలో అజీజుద్దీన్ ఉండేవాడు. 1952 హెల్సింకీ, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్ రెండింటికీ వెళ్ళిన బ్యాక్ ఆటగాడు. హెల్సింకీలో యుగోస్లావియా చేతిలో 10-1తో చిత్తుగా ఓడారు. మనవాళ్ళలో చాలామంది వట్టి కాళ్ళతో ఆడిన రోజులవి. నాలుగేళ్ళ తర్వాత రహీం శిక్షణలో అదే దేశం ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి నాలుగో స్థానానికి వచ్చింది. ఆ ఆట జరిగింది 1956 డిసెంబరు 1న. సరిగ్గా నెల ముందు, నవంబరు 1న, మా పశ్చిమ గోదావరీ ఆ హైదరాబాదూ ఒకే రాష్ట్రమయ్యాయి. భాష పేరిట కలిశాము గాని, ఉర్దూ మాట్లాడే ఆ పేటల ఆటగాళ్ళను మనవాళ్ళనుకున్నామా? 2014లో విడిపోయాక ఈ ప్రశ్న ఎవరూ వేయనక్కర లేకుండా పోయింది.

ఇక కుర్రవాడి రెండో ప్రశ్న. 1962 జకార్తా ఆసియా క్రీడల్లో భారత్ దక్షిణ కొరియాను 2-1తో ఓడించి స్వర్ణం గెలిచింది. అందులో ఒక గోలు జర్నయిల్ సింగుది. ఆయన అసలు బ్యాక్ ఆటగాడు. తలకు గాయమైతే ముందు వరుసలో నిలబెట్టారు, గోలు కొట్టాడు. ఈనాటికీ ఆయన పేరు ఎత్తితే ముందు ఆ గోలే చెబుతారు. వెనుక ఆటగాడు చరిత్రకెక్కాలంటే తన చోటు వదిలి ముందుకు పోవలసి వచ్చిందన్నమాట! మన చెడుగుడు నయం. కూతకు వెళ్ళినవాడితో సమానంగా కాలు పట్టినవాడి పేరూ ఊరు చెప్పుకుంటుంది. బ్యాక్ చేసేది అడ్డుకునే పని. జరగనివ్వని గోలుకు పట్టికలో గడి లేదు. ఇంట్లో ఆడవారి చాకిరీకి ఏ లెక్కలోనూ చోటు లేనట్టే ఇదీ.

రహీం పోయేనాటికి నయీముద్దీన్‌కు ఇరవై ఏళ్ళు నిండలేదు. హైదరాబాదు ఆటలో ఎదిగి, 1960లలోనే కలకత్తా చేరాడు. ఈస్ట్ బెంగాల్, మోహన్ బగాన్, మొహమ్మడన్ స్పోర్టింగ్, మూడు పెద్ద క్లబ్బులకూ ఆడాడు. కలకత్తావారు మన ఆటగాళ్ళను ఎత్తుకుపోయారని హైదరాబాదు అభిమానులు బాధపడటం సహజమే. కాని, కొల్లేటి ఒడ్డున పని దొరకనివాడు వలసపోతే అతన్ని ఊరికి ద్రోహి అంటామా? రహీం తర్వాత హైదరాబాదు దగ్గర ఇవ్వడానికి మిగిలినది కానిస్టేబులు జీతం. 1965-66లో ఆంధ్రప్రదేశ్ పేరుతో సంతోష్ ట్రోఫీ గెలిచాము; ఆ వెలుగు ఆ తర్వాత ఎక్కువకాలం నిలవలేదు.

1970 బాంకాక్ ఆసియా క్రీడల్లో నయీముద్దీన్ నాయకత్వాన భారత్ సెమీఫైనలులో బర్మా చేతిలో 2-0తో ఓడి, ఆనక జపానును 1-0తో ఓడించి కాంస్యం గెలిచింది. ఆ ఆటలో మనవాళ్ళు కొట్టింది ఒక్క గోలే. జపానుకు ఒక్కటీ ఇవ్వకపోవడం వల్లనే అది చాలింది. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో మనకు ఆ తర్వాత పతకం లేదు.

తర్వాత శిక్షకుడయ్యాడు. 1990లో ఆయన చేతికింద ఈస్ట్ బెంగాల్ ఒకే ఏడాది ఐ.ఎఫ్.ఏ. షీల్డు, డ్యూరాండ్, రోవర్స్ మూడూ గెలిచింది. 2005లో దక్షిణాసియా పోటీలో గెలిచిన భారత జట్టుకూ ఆయనే శిక్షకుడు. మన దేశంలో జాతీయ లీగు మొదలై, ఆటగాడి వృత్తికి వృత్తి అన్న పేరు దక్కడం 1996లో గాని జరగలేదు. అప్పటికి ఆయనకు యాభై దాటాయి.

ప్రభుత్వం ఆయన్ను గుర్తించకపోలేదు. ఆట నేర్పినందుకు 1990లో ద్రోణాచార్య ఇచ్చింది. ఆట ఆడినందుకు ఇవ్వవలసిన అర్జున 1997లో ఇచ్చింది. బాంకాక్ పతకానికి అప్పటికి 27 ఏళ్ళు.