జక్కమ్మ కొలువు, యిర్మీయా తీర్పు

దిండిగల్లు నుంచి పళనికి పోయే దారిలో ఒట్టన్‌చత్రం వుంది. చాలామందికి అది కూరగాయల సంతగానే తెలుసు. తెలుగు చదువుకొనే మనకు ఆ చుట్టుపక్కల ఊళ్ళు వేరే కారణంచేత ముఖ్యం. పక్కనున్న విరూపాక్షి మధుర నాయకుల కాలపు పాళెయం. దాని పాలకుడు గోపాల నాయకుడు ఆంగ్లేయులతో పోరాడి 1801లో ఉరికంబమెక్కాడు. ఆయన రాజకంబళం కులస్థుడు. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం మాట్లాడే ఈ కులంవారికి ఇలవేల్పు జక్కమ్మ. 1799లో కయత్తారులో ఉరికి గురైన వీరపాండ్య కట్టబొమ్మన కొలిచినదీ ఆమెనే.

విగ్రహాలను విడవకపోతే దేవుని తీర్పు తప్పదన్న బోధ ఈ సీమకు 400 ఏళ్ళ కిందటే చేరింది. విన్నవారిలో ఎక్కువమంది మారలేదు. ఎందువల్ల? హృదయకాఠిన్యం అనేది బోధకులు అలవాటుగా చెప్పే జవాబు. అది చాలదని మా అభిప్రాయం.

1595లో మధుర చేరిన జెసూట్ పాదిరి గొన్సాలో ఫెర్నాండెజ్ బోధ స్థానికులలో నాటుకోలేదు. దాన్ని వారు 'పరంగి మతం' అని దూరం పెట్టారు. 1606లో వచ్చిన రాబర్ట్ డి నొబిలి మరో దారి పట్టాడు. కాషాయం కట్టాడు, మాంసం మానాడు, సంస్కృతంతోపాటు తమిళం, తెలుగు నేర్చాడు. ఆనాటి నాయక రాజుల ఇంటిభాష తెలుగే గదా. తన మతంలో చేరినవారిని జంధ్యం, పిలక, గంధం వుంచుకోనిచ్చాడు. ఇవి కులమర్యాదలే గాని విగ్రహారాధన కాదని ఆయన వాదం. కాదు, ఇదే విగ్రహారాధన అని ఫెర్నాండెజ్ ఫిర్యాదు. తగవు రోముకు పోయింది. 1623లో పోపు 15వ గ్రెగరీ నొబిలి పక్షాన తీర్పు చెప్పాడు. 1744లో 14వ బెనెడిక్ట్ ఇటువంటి 'మలబారు ఆచారాల'లో అనేకాన్ని నిషేధించాడు. ఏది విగ్రహారాధనో తేల్చుకోవడం తీర్పు చెప్పేవారికే ఇంత కష్టమైందన్న మాట.

ఇక వారి గ్రంథంలోనే వున్న ఒక ఘట్టం చూద్దాం. క్రీ.పూ. 6వ శతాబ్దంలో యెరూషలేము కూలిన తరువాత కొందరు యూదులు ఐగుప్తుకు వలసపోయారు. అక్కడ యిర్మీయా ప్రవక్త వారితో, మీ విగ్రహారాధన వల్లనే ఈ నాశనం వచ్చింది, ఇకనైనా మారండి అన్నాడు. వారు ఒప్పుకోలేదు. ఆకాశరాణికి ధూపం వేసిన రోజుల్లో కడుపునిండా తిన్నామనీ, మానేసిన నాటినుంచే కత్తీ కరువూ మీదపడ్డాయనీ ఎదురు చెప్పారు. జరిగిన చరిత్ర ఒక్కటే. ప్రవక్త దాన్ని ఒక విధంగా చదివాడు, వలసజనం మరొక విధంగా చదివింది.

రాజకంబళంవారి వలసకథ దీని పక్కన పెట్టి చూడదగింది. తురక సైన్యానికి జడిసి ఉత్తరాన్నుంచి వస్తూంటే ఏరు అడ్డు తగిలిందట. రెండు గట్ల మీది కానుగ చెట్లు వంగి వంతెన అయ్యాయట. దాటగానే మళ్ళీ నిటారుగా నిలిచాయట. 1909లో థర్‌స్టన్ తన కులాల గ్రంథంలో ఈ కథను చేర్చాడు. ఇది జరిగిందా లేదా అన్నది వేరే సంగతి. వేల్పునూ చెట్టునూ కొలిచే వారికి మాత్రం ఆ కొలుపు తాము బతికి బయటపడ్డ చరిత్ర. దాన్ని విడవమంటే పుట్టుక మరవమన్నట్టే వినిపిస్తుంది.

ఐతే మారినవారూ వున్నారు. ఆంధ్రదేశంలో 1876-78 కరువు తరువాత, 1878 జూలై 3న, ఒంగోలు బాప్టిస్టు మిషన్ వారు ఒక్కరోజులో 2,222 మందికి బాప్తిస్మమిచ్చారు. తిండికోసం చేరారన్న మాట రాకుండా కరువుకాలంలో క్లౌ దొర బాప్తిస్మాలు ఆపి వుంచాడు. చేరినవారిలో అత్యధికులు మాదిగలు. ఊరి గుడి వాకిలి వారికి ఏనాడూ తెరవలేదు. పాత దైవం ఎవరికి చోటిచ్చిందో వారు అంటిపెట్టుకున్నారు, ఎవరిని గెంటిందో వారు కదిలారు.

ఇలా అనడం ప్రవక్త మాటను తీసివేయడం కాదు. మనల్ని కాపాడిన వేల్పే కులం గోడను కూడా కాపాడింది. ఆ సంగతి వలసకథల్లో వుండదు. బయటివారు వేలెత్తి చూపితే మనకు కోపం వస్తుంది, ఆ కోపంలో చూడవలసింది చూడకుండా పోతాం.

ఈ ప్రాంతపు విద్యార్థులకు మేము చెప్పదలచింది ఒకటే. మీ ఇంట తెలుగు నోటిమాటగానే మిగిలి వుండవచ్చు. జాతరనాడు పెద్దవాళ్ళు చెప్పే వలసకథను ఆ మాటల్లోనే రాసిపెట్టండి. ఆ కథలో ఎవరు ఏరు దాటారో, ఎవరిని గట్టుమీద వదిలారో కూడా అడగండి.