రసాయనం నుండి అడాప్టోజెన్ దాకా: పెన్నేరు గడ్డ చరిత్రలో శ్రమ భావన

ప్రవేశిక

సంస్కృతంలో అశ్వగంధ అని పేరొందిన మొక్కకు తెలుగులో పెన్నేరు గడ్డ, డొమ్మడోలు గడ్డ అనే పేర్లున్నాయి. ఈ మొక్క వేరు నేడు గుళికల రూపంలో మందుల దుకాణాల్లోనూ అంతర్జాల విపణిలోనూ లభిస్తున్నది. ఆ పెట్టెల మీద సాధారణంగా రెండు ప్రకటనలు కనిపిస్తాయి. ఇది ఒత్తిడిని, అలసటను తట్టుకొనే శక్తినిచ్చే ‘అడాప్టోజెన్’ అనేది మొదటిది. దీని వెనుక వేల యేండ్ల ఆయుర్వేద సంప్రదాయం ఉన్నదనేది రెండవది. ఇవి పక్కపక్కన ఉండటంవల్ల ప్రాచీన వైద్యులు కూడా ఈ వేరును నేటి ఒత్తిడి వంటి స్థితికే వాడారన్న అభిప్రాయం పాఠకునికి కలుగుతుంది. ఆ అభిప్రాయానికి గ్రంథస్థమైన ఆధారం ఎంతవరకు ఉన్నదో, ఈ రెండు ప్రకటనలు చరిత్రలో ఎప్పుడు, ఎందుకు కలిశాయో పరిశీలించడం ఈ వ్యాసోద్దేశం. ఔషధం పనిచేస్తుందా లేదా అన్నది వైద్యశాస్త్రం తేల్చవలసిన విషయం. సంప్రదాయం పేరుతో ఏమి చెప్పవచ్చు, ఏమి చెప్పరాదు అన్నది మాత్రం గ్రంథపఠనానికి సంబంధించిన విషయం.

1. పేర్లు చెప్పే చరిత్ర

నిఘంటువుల్లో ఈ మొక్కకున్న పర్యాయపదాలు దాని తొలి గుర్తింపును తెలుపుతాయి. అశ్వగంధ, హయగంధ, వాజిగంధ వంటివి పచ్చి వేరు వాసనను బట్టి వచ్చినవి. వరాహకర్ణి అనేది ఆకు ఆకారాన్ని బట్టి వచ్చింది. బలద అనేది గుణవాచకం, బలాన్నిచ్చేదని అర్థం. తెలుగు పేర్లలోని ‘గడ్డ’ ఉపయోగించే భాగాన్ని చూపుతుంది. వీటిలో మనస్సును గాని, నిద్రను గాని, ఆందోళనను గాని సూచించే పేరు ఒక్కటీ లేదు.

నిద్ర ప్రసక్తి ఈ మొక్క లాటిన్ పేరులో కనిపిస్తుంది. 1753లో లినేయస్ దీనికి ఫైసాలిస్ సోమ్నిఫెరా అని పేరు పెట్టాడు. 1852లో డ్యూనాల్ దీనిని వితానియా ప్రజాతిలోకి మార్చినా రెండవ పదం నిలిచిపోయింది. సోమ్నిఫెరా అంటే నిద్రను తెచ్చేది. అంటే భారతీయ నామాలు బలాన్ని చూస్తే ఐరోపా నామం నిద్రను చూసింది. నేటి ప్రకటనల్లో ఈ రెండూ ఒకే సంప్రదాయపు మాటలుగా కలిసిపోతున్నాయి.

2. చరకంలో బల్యం వేరు, శ్రమహరం వేరు

చరకసంహిత సూత్రస్థానం నాలుగవ అధ్యాయంలో ఔషధద్రవ్యాలను యాభై గణాలుగా విభజించి, ఒక్కొక్క గణంలో పదేసి ద్రవ్యాలను పేర్కొన్నారు. అశ్వగంధ అక్కడ బల్య గణంలోనూ బృంహణీయ గణంలోనూ కనిపిస్తుంది. బల్యమంటే బలాన్నిచ్చేది, బృంహణమంటే శరీరానికి పుష్టిని కలిగించేది. ఈ వర్గీకరణలో శ్రమహర గణమని వేరొకటి ఉన్నది. అలసటను పోగొట్టే ద్రవ్యాల గణమిది. నేటి ప్రకటనలను బట్టి చూస్తే అశ్వగంధ మొదట ఉండవలసింది ఇక్కడే. కాని ఆ పదింటిలో అది లేదు.

ద్రాక్ష, ఖర్జూరం, సారపప్పు చెట్టు పండు, రేగు, దానిమ్మ, ఫల్గువు, పరూషకం, చెరకు, యవలు, షష్టిక ధాన్యం అనేవి శ్రమహర గణంలోని పది ద్రవ్యాలు. వీటిలో ఒక్కటి కూడా వాడుకలో మందు అనిపించుకొనేది కాదు. ఎనిమిది పండ్లో, తీపి రసమిచ్చేవో, రెండు ధాన్యాలు. అలసినవానికి ఆహారమే ఔషధమన్న దృష్టి ఈ జాబితాలో స్పష్టం. అలసట ఇక్కడ శరీరం చేసిన వ్యయం. దానిని ఆహారంతో పూరించాలి. క్షీణతకు, కార్శ్యానికి బల్యద్రవ్యాలు వేరుగా ఉన్నాయి.

తరువాతి గ్రంథాలూ ఈ హద్దును చాలావరకు పాటించాయి. అష్టాంగహృదయం ఉత్తరస్థానంలోని రసాయనాధ్యాయంలో అశ్వగంధను పాలతోగాని, నేతితోగాని, నూనెతోగాని, గోరువెచ్చని నీటితోగాని పదిహేను దినాలు సేవించాలన్న విధి ఉన్నది. అది కృశించిన దేహానికి పుష్టినిస్తుందని చెబుతూ, వాన లేతపైరుకు చేసే మేలుతో పోల్చారు. ఇక్కడ రోగి బక్కచిక్కినవాడు, కాలం అర్ధమాసం, ఫలితం పుష్టి. 16వ శతాబ్దపు భావప్రకాశం దీనిని బల్యంగా, రసాయనంగా, శుక్రలంగా, వాతకఫహరంగా వర్ణించింది. దొరకని కాకోలీ ద్వయానికి బదులుగా అశ్వగంధను వాడవచ్చునని కూడా అదే గ్రంథం విధించింది.

ఈ చరిత్రలో మనోవ్యాధుల ప్రసక్తి బొత్తిగా లేదనలేము. భైషజ్యరత్నావళిలోని అశ్వగంధారిష్టం మూర్ఛాధికారంలో ఉన్నది. అపస్మారం, ఉన్మాదం కూడా దాని ప్రయోజనాల్లో చేరాయి. శ్రమవల్ల వాతం ప్రకోపిస్తుందని ఆయుర్వేద సిద్ధాంతం కనుక, వాతహరమైన అశ్వగంధ శ్రమకు పనికివస్తుందని ఊహించడమూ అసంగతం కాదు. అయితే ఉన్మాదాపస్మారాలు తీవ్రవ్యాధులు. నిత్యజీవితపు ఒత్తిడి కావు. వాతం మీదుగా శ్రమకు వేసిన వంతెన వ్యాఖ్యాత తర్కం. గ్రంథంలో ప్రత్యక్షంగా ఉన్న విధి కాదు. ఈ భేదాన్ని గుర్తించడం అవసరం.

3. రసాయనం కోరిన జీవితం

అశ్వగంధను రసాయనమన్నారు కనుక, రసాయనమే నేటి అడాప్టోజెన్ అన్న వాదం ఉన్నది. చరకసంహిత చికిత్సాస్థానం తొలి అధ్యాయం నాలుగు పాదాల్లో రసాయనాన్ని వివరిస్తుంది. అందులో రెండు విధానాలున్నాయి. కుటీప్రావేశికం ప్రత్యేకంగా కట్టిన కుటిలో, గాలికీ ఎండకూ దూరంగా ఉండి చేసేది. వాతాతపికం గాలిలో, ఎండలో తిరుగుతూ, మామూలు జీవితం గడుపుతూ చేసేది. మొదటిది తీరిక, ధనం, పరిచారకులు ఉన్నవారికే సాధ్యం. అందువల్ల ప్రాచీన రసాయనం అందరికీ సమంగా అందిన ఆదర్శమని చెప్పడానికి వీలులేదు. నేటి గుళికను పోల్చవలసివస్తే వాతాతపికంతోనే పోల్చాలి.

ఆ పోలిక కూడా ఒక చోట ఆగిపోతుంది. రసాయనాధ్యాయం నాలుగవ పాదంలో ఆచారరసాయనం వస్తుంది. సత్యం పలకడం, కోపం విడవడం, మద్యానికి దూరంగా ఉండడం, అతిగా ఆయాసపడకపోవడం, నిద్రనూ మెలకువనూ సమంగా ఉంచుకోవడం, నిత్యం పాలు నెయ్యి సేవించడం వంటివి అందులో ఉన్నాయి. ఈ నడవడి కలవాడు ఔషధం లేకుండానే నిత్యరసాయనుడని గ్రంథాభిప్రాయం. ఆయాసాన్ని తగ్గించుకోవడం ఇక్కడ చికిత్సలో భాగం. ఆయాసాన్ని అలాగే ఉంచి దానిని భరించే శక్తిని మాత్రం పెంచడం ఈ అధ్యాయపు లక్ష్యం కాదు.

4. అడాప్టోజెన్ పుట్టుక

‘స్ట్రెస్’ భావనకు శరీరధర్మశాస్త్రంలో రూపమిచ్చినవాడు హాన్స్ సెల్యే. 1936లో ‘నేచర్’ పత్రికలో అచ్చయిన ఆయన లేఖ, భిన్నమైన హానికారకాలకు శరీరం ఒకే తీరుగా స్పందిస్తుందని ప్రతిపాదించింది. 1956లో వచ్చిన ‘ది స్ట్రెస్ ఆఫ్ లైఫ్’ ఈ భావనను సామాన్య పాఠకులకు చేర్చింది. కారణమేదైనా స్పందన ఒకటే అయితే, ఏ కారణానికైనా ఒకే విరుగుడు ఉండవచ్చునన్న ఆలోచనకు దారి ఏర్పడింది.

ఆ దారిలో నడిచినవారు సోవియట్ శాస్త్రజ్ఞులు. అడాప్టోజెన్ పదాన్ని విషశాస్త్రజ్ఞుడు నికొలాయ్ లజరేవ్ 1947 నాటి పరిశోధనలకు ముడిపెడతారు. ఆయన పరిశీలించిన డైబజోల్ మూలిక కాదు, కృత్రిమ రసాయనిక ఔషధం. అనగా మూలికలకు పర్యాయపదంగా చెలామణి అవుతున్న ఈ మాట మొదట మూలికను ఉద్దేశించినది కాదు. ఆయన శిష్యుడు ఇజ్రాయెల్ బ్రెఖ్‌మన్ వ్లాదివొస్తోక్‌లో జిన్‌సెంగ్‌ను, తరువాత సైబీరియా ప్రాంతపు ఎల్యూథెరోకాకస్‌ను పరిశోధించాడు. జిన్‌సెంగ్ అరుదు, ఖరీదు. ఎల్యూథెరోకాకస్ సోవియట్ తూర్పు అడవుల్లో విస్తారంగా లభించేది. 1969లో బ్రెఖ్‌మన్, దర్దిమొవ్‌లు తమ వ్యాసంలో అడాప్టోజెన్‌కు మూడు లక్షణాలు చెప్పారు: శరీరానికి హాని చేయకపోవడం, ఫలానా రోగమని కాక పలురకాల ప్రతికూలతలకు నిరోధం పెంచడం, శరీరక్రియలను సమస్థితికి తేవడం.

ఈ పరిశోధనల్లో పని చేయగల సామర్థ్యం ప్రధానమైన కొలమానం. కఠిన పరిస్థితుల్లోనూ మనిషి పని ఆగకుండా చూడటం వాటి ప్రేరణ. చరకంలోని శ్రమహర గణం అలసినవానికి పండు పెట్టింది. ఈ దృష్టి అలసట రాకముందే శరీరాన్ని బరువుకు సిద్ధం చేయాలనుకొన్నది. రెండూ వేర్వేరు సామాజిక అవసరాల నుండి పుట్టిన భావనలు.

5. రెండు ధారల కలయిక

భారతదేశంలో ఈ రెండు ధారలు 1980ల్లో స్పష్టంగా కలిశాయి. 1982లో లక్నో పరిశోధకులు ప్రకటించిన ఒక వ్యాసం శీర్షికలోనే అశ్వగంధకు పునర్యౌవన ఔషధమన్న విశేషణమూ అడాప్టోజెన్ అన్న మాటా కలిసి కనిపిస్తాయి. 1987లో కాశీ హిందూ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఈ మొక్కలోని సీటోఇండోసైడ్‌ల ఒత్తిడినిరోధక గుణాన్ని గురించి ప్రకటించారు. 2012లో హైదరాబాదు వైద్యులు ప్రకటించిన అధ్యయనం ఈ చరిత్రలో తెలుగు నేలకు చోటు కల్పించింది. 64 మందితో జరిగిన ఆ అధ్యయనంలో ఒక వర్గానికి 300 మిల్లీగ్రాముల గాఢ వేరుసారాన్ని రోజుకు రెండుసార్లు, 60 దినాలు ఇచ్చారు. ఉత్తుత్తి మందు తీసుకొన్నవారితో పోలిస్తే వీరిలో ఒత్తిడి కొలతలు, రక్తంలోని కార్టిసాల్ తగ్గినట్లు నివేదించారు. ఇది ప్రయోగసాక్ష్యం, చిన్నదైనా దాని విలువ దానికున్నది. దానికి ప్రాచీనగ్రంథం సాక్ష్యం అవసరం లేదు. ప్రాచీనగ్రంథానికి అది వ్యాఖ్యానమూ కాదు.

ఈ కలయికకు చట్టాలు కూడా తోడ్పడ్డాయి. 1994 నాటి అమెరికా ఆహారపూరకాల చట్టం ప్రకారం ఇటువంటి ఉత్పత్తిపై రోగాన్ని నయం చేస్తుందని రాయరాదు. శరీర నిర్మాణాన్ని, క్రియలను ప్రస్తావించే మాటలు రాయవచ్చు. ఒత్తిడి, అలసట అనేవి రోగనామాలు కావు. అయినా అందరికీ అనుభవమే. ఆ హద్దుకు సరిగ్గా సరిపోయిన మాటలవి. భారతదేశంలో 1940 నాటి ఔషధ, సౌందర్య సాధనాల చట్టం మొదటి అనుబంధంలోని గ్రంథాలను ఆయుర్వేద ఔషధాలకు ప్రమాణంగా స్వీకరించింది. చరకసంహిత, భావప్రకాశం, భైషజ్యరత్నావళితో పాటు తెలుగు వైద్యులు ఆదరించిన బసవరాజీయం కూడా ఆ పట్టికలో ఉన్నది. గ్రంథం చట్టప్రమాణమైనచోట గ్రంథాన్ని సరిగా చదవడం పండితుల వినోదం కాదు, ప్రజాప్రయోజనం.

6. తెలుగు మాటల్లో వచ్చిన మార్పు

అలసట, బడలిక, సొలపు, నిస్త్రాణ, డస్సిపోవడం అనే తెలుగు మాటలు పని చేసిన తరువాత శరీరం చేరే స్థితిని చెబుతాయి. వీటికి జంటగా సేదదీరడం అనే మాట ఉన్నది. బడలిక ఉన్నచోట విశ్రాంతి కూడా ఉంటుందన్న నిశ్చయం ఈ జంటలో కనిపిస్తుంది. ఆధునిక వాడుకలోని ‘ఒత్తిడి’ ఒత్తు అనే క్రియనుండి వచ్చింది. స్ట్రెస్‌కు అనువాదంగా స్థిరపడిన తరువాత అది బయటినుండి ఎడతెగక పడే బరువును సూచిస్తున్నది. బడలిక తీరుతుంది, ఒత్తిడిని తట్టుకోవాలి. క్రియలలోని ఈ తేడా భావనలోని తేడాను పట్టి చూపుతుంది. తట్టుకోవడానికి ఒక మందు ఉన్నదన్నప్పుడు, ఒత్తేది ఎవరు, ఎందుకు అన్న ప్రశ్న మరుగున పడుతుంది.

7. సంప్రదాయం ఇవ్వలేని హామీ

వేల యేండ్ల వాడుక ఉన్నది కనుక హాని లేదన్న వాదం చరిత్ర పేరుతో జరిగేదే. ఆయుర్వేద ఫార్మకోపియా వేరు పొడికి 3 నుండి 6 గ్రాముల మోతాదు చెప్పింది. నేటి గుళికల్లో పలుచోట్ల ఉన్నది పొడి కాదు, గాఢసారం. పాలు, నెయ్యి అనుపానంగా పదిహేను దినాలు వాడిన పొడి గురించిన అనుభవం, నెలల తరబడి వాడే గాఢసారానికి హామీ కాజాలదు. కొందరిలో కాలేయానికి హాని జరిగిన ఉదంతాలు వైద్యసాహిత్యంలో నమోదయ్యాయి. 2008లో ఐరోపా ఔషధ సంస్థ అడాప్టోజెన్ పదం వైద్యపరిభాషలో ఆమోదం పొందినది కాదని అభిప్రాయపడింది. 2021లో ఆయుష్ మంత్రిత్వశాఖ అశ్వగంధ ఆకును వాడవద్దని తయారీదారులకు సూచించింది. 2023లో డెన్మార్క్ ఈ మొక్కను ఆహారపూరకాల్లో నిషేధించింది. గర్భిణులు, కాలేయ, థైరాయిడ్ సమస్యలున్నవారు, ఇతర మందులు వాడేవారు వైద్యుని అడగకుండా దీనిని తీసుకోకపోవడమే క్షేమం.

ముగింపు

పై పరిశీలనవల్ల మూడు విషయాలు తేలుతున్నాయి. ప్రాచీనగ్రంథాల్లో అశ్వగంధ ప్రధానంగా బల్యం, బృంహణం, రసాయనం. చరకం అలసటకు చెప్పిన గణంలో అది లేదు. అడాప్టోజెన్ భావన 20వ శతాబ్దపు శరీరధర్మశాస్త్రం నుండి, సోవియట్ పరిశోధనల నుండి వచ్చింది. 1980ల్లో అశ్వగంధకు అతుక్కొన్నది. ఈ రెంటినీ ఒకే సంప్రదాయంగా చూపడంవల్ల కొత్త సారానికి పాత పొడి విశ్వసనీయత అప్పుగా దక్కుతున్నది.

దీనివల్ల ఆయుర్వేదానికి జరిగే నష్టమూ ఉన్నది. అలసినవానికి పండ్లనూ ధాన్యాన్నీ చూపిన గణం, అతిగా ఆయాసపడవద్దన్న ఆచారరసాయనం ఆ శాస్త్రంలోని విలువైన భాగాలు. పెట్టె మీది సంప్రదాయంలో వాటికి చోటు లేదు, ఎందుకంటే ద్రాక్షకూ నిద్రకూ ఆ పెట్టె అక్కరలేదు. మూలగ్రంథాలతో పాటు తెలుగు వైద్యగ్రంథాల్లోని ద్రవ్యగుణ విభాగాలను కూడా ఇదే దృష్టితో, మాట మాటకూ పరిశీలించవలసిన అవసరం ఉన్నది.