కథకు పట్టా ఇచ్చిన కథ

సింహాచలంలోనైనా, ఉక్కునగరంలోనైనా, ఇంజనీరింగ్ పాసైన అమ్మాయి "కథలు రాయడంలో పీజీ చేస్తాను" అంటే ఇంట్లో ముందుగా వినపడే మాట ఒకటే: "కథలు రాయడానికి చదువేమిటమ్మా?" పెద్దల భయం న్యాయమైనదే. ఆ చదువు ఎలా పుట్టిందో తెలిస్తే దానికి దరఖాస్తు పెట్టాలో వద్దో, పెడితే ఎలా పెట్టాలో కూడా తెలుస్తుంది.

వందేళ్ల కిందట అమెరికాలోనూ సాహిత్యంలో పీజీ అంటే పరిశోధన వ్యాసమే. కావ్యం మీద రాసినవాడికి పట్టా ఉండేది, కావ్యం రాసినవాడికి లేదు. అయోవా విశ్వవిద్యాలయంలో పీజీ విభాగానికి డీన్‌గా ఉన్న కార్ల్ సీషోర్ సాహిత్యకారుడు కాదు, మనస్తత్వ శాస్త్రవేత్త. సంగీత ప్రతిభను కొలవడం మీద జీవితమంతా పనిచేసిన మనిషి. సృజనాత్మక రచనను కూడా ఉన్నత పట్టాకు థీసిస్‌గా తీసుకుంటామని 1922లో ఆయన ప్రకటించాడు. ఈ చదువుకు మూలం ఆ ఒక్క నిర్ణయం.

ఆ దారిన వచ్చినవాడే పాల్ ఎంగిల్. థీసిస్‌గా ఇచ్చిన అతని కవితా సంపుటి 1932లో యేల్ యువకవుల పురస్కారంతో పుస్తకమైంది. 1936లో విల్బర్ ష్రామ్ ఆధ్వర్యంలో అయోవా 'రైటర్స్ వర్క్‌షాప్' లాంఛనంగా మొదలైంది. 1941 నుంచి ఎంగిల్ రెండు దశాబ్దాలకు పైగా దాన్ని నడిపాడు. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక, సైన్యం వాడి వదిలేసిన రేకుల షెడ్లలో, నది ఒడ్డున తరగతులు జరిగేవి.

అక్కడి పాఠం సంప్రదాయంగా ఇలా సాగుతుంది. ఒకరి కథ ప్రతులు తీసి ముందే అందరికీ పంచుతారు. తరగతిలో మిగతావాళ్లు దాన్ని విప్పి చూస్తారు: ఈ పాత్ర ఎందుకు వచ్చింది, ఈ పేజీ లేకపోతే ఏం పోతుంది, ముగింపు ముందే తెలిసిపోయిందా? రాసినవాళ్లు నోరు మెదపకుండా వినాలి. నా ఉద్దేశం అది కాదని అడ్డుపడే వీలులేదు. అచ్చయిన కథ వెనకాల వెళ్లి పాఠకుడికి వివరణ చెప్పుకోలేం కదా!

1945లో జార్జియా రాష్ట్రం నుంచి జర్నలిజం చదవడానికి వచ్చిన ఒక యువతి ఎంగిల్ గదిలోకి వెళ్లి ఏదో అడిగింది. ఆమె యాస ఆయనకు ఒక్క ముక్క అర్థం కాలేదు. కాగితం ఇచ్చి రాయమన్నాడు. వర్క్‌షాప్‌లో చేరవచ్చా అని ఆమె అడుగుతోందట. కథలు తెప్పించుకుని చదివి చేర్చుకున్నాడు. ఆమే ఫ్లానరీ ఓకానర్. 1947లో పట్టా పుచ్చుకుని, తన దక్షిణాది మనుషుల్నే కథల్లో నిలబెట్టింది. మన యాస చూసి నవ్వుతారేమోనని సంకోచించే ఉత్తరాంధ్ర పిల్లలందరికీ ఈ సంగతి చెప్పాలి.

అయోవా వెలిగించిన దీపం ఊళ్లు దాటింది. 1970లో ఇంగ్లండులోని ఈస్ట్ ఆంగ్లియా విశ్వవిద్యాలయం ఇలాంటి కోర్సు పెట్టింది. 1967లో ఎంగిల్, చైనా రచయిత్రి హువాలింగ్ నియె కలిసి దేశదేశాల రచయితల కోసం అయోవాలోనే మరో కార్యక్రమం ఆరంభించారు.

సీషోర్ ప్రకటన వచ్చిన నాలుగేళ్లకే, 1926లో, మన ఆంధ్ర విశ్వవిద్యాలయం పుట్టింది. కొద్దికాలంలోనే వాల్తేరుకు చేరింది. కానీ విశాఖలో కథ విశ్వవిద్యాలయం గోడల బయటే ఎదిగింది. కథకుల్లో రావిశాస్త్రి ప్లీడరు. కారా మాస్టారు 1948 నుంచి మూడు దశాబ్దాలు సెయింట్ ఆంథోనీ హైస్కూల్లో పాఠాలు చెప్పారు. కొత్తవాళ్ల కథలు చదివి, ఎక్కడ కుదిరిందో ఎక్కడ కుదరలేదో ఓపిగ్గా చెప్పేవారు. అయోవా తరగతిలో జరిగే పని అదే. జీతం లేకుండా, పట్టా లేకుండా ఆయన చేశారు. 1997లో శ్రీకాకుళంలో కథల గ్రంథాలయం 'కథానిలయం' కూడా నిలబెట్టారు.

తెలుగు మూలాలున్న వాహిని వారా పత్రికా విలేఖరిగా పనిచేసి, అయోవాలో చదివింది. ఆంధ్రలోని కొబ్బరి తోటలో దళిత కుటుంబంలో పుట్టిన పిల్లవాడి జీవితంతో 2022లో నవల తెచ్చింది. అది 2023లో పులిట్జర్ పురస్కారం తుది పోటీ దాకా వెళ్లింది. మన తోట, మన మనుషులు ఆ దారిన కూడా ప్రపంచానికి చేరారు.

ఇక అమెరికా కోర్సుల దరఖాస్తు సంగతి. మార్కుల జాబితా, మూడు సిఫారసు లేఖలు, ఎందుకు చేరాలనుకుంటున్నారో చెప్పే వ్యాసం, అన్నీ అడుగుతారు. ఎక్కువచోట్ల గడువు డిసెంబరు, జనవరిల్లో ముగుస్తుంది. కానీ సీటు తేల్చేది జతచేసిన కథే. చాలాచోట్ల ఇరవై, ముప్పై పేజీలు అడుగుతారు, కవులైతే పది కవితలు. అందుకే వ్యాసానికి వారం, కథకు ఏడాది కేటాయించండి. మీకు బాగా తెలిసిన కథే పంపండి: షిఫ్టు దిగి వచ్చిన నాన్న, చందనోత్సవం నాటి క్యూ, అడవివరం సంత. ఫీజు రద్దు చేసి, బోధన పనికి భృతి ఇచ్చేచోట్లకే ముందు ప్రయత్నించండి. కథలు రాసి అమెరికా అప్పు తీర్చడం జరిగే పని కాదు. రాసేది తెలుగులోనే అయితే, దాన్ని ఇంగ్లీషులోకి తేవడం నేర్చుకోవడానికి అయోవాలో సాహిత్య అనువాదంలోనూ ఇలాంటి పీజీ పట్టా (ఎంఎఫ్‌ఏ) ఉంది. సీటు రాకపోయినా, ఏడాదిపాటు చెక్కిన కథ మీ చేతిలోనే ఉంటుంది, పత్రికకు పంపండి.

అసలు అడగవలసింది మన విశ్వవిద్యాలయాలను. కథల సంపుటిని థీసిస్‌గా తీసుకోవడానికి భవనాలక్కర్లేదు, అయోవాలో రేకుల షెడ్లు సరిపోయాయి. కావలసింది ఒక డీన్ సంతకం, కథను విప్పి చూపగల నలుగురు గురువులు. ఆంధ్ర విశ్వవిద్యాలయం నూరేళ్ల మైలురాయిని చేరిన ఈ సమయంలో ఆ సంతకం పడాలి. అప్పుడు సింహాచలం పిల్ల దరఖాస్తు వాల్తేరుకే వెళ్తుంది, తెలుగులోనే వెళ్తుంది.