డిజిటల్ అక్షరాస్యత: మౌలిక నైపుణ్యాలు, మారుతున్న అవసరాలు

కంప్యూటర్, స్మార్ట్‌ఫోన్ వంటి పరికరాల ద్వారా సమాచారాన్ని వెతకడం, అర్థం చేసుకోవడం, ఇతరులకు పంపడం, అందిన సమాచారంలోని నిజానిజాలను తేల్చుకోవడం అనే సామర్థ్యాలన్నింటినీ కలిపి డిజిటల్ అక్షరాస్యతగా వ్యవహరిస్తారు. భారతదేశంలో ఈ భావనను గ్రామాలకు చేర్చిన ప్రధాన కార్యక్రమం ప్రధానమంత్రి గ్రామీణ డిజిటల్ సాక్షరతా అభియాన్. 2017 ఫిబ్రవరిలో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన ఈ పథకం, 6 కోట్ల గ్రామీణ కుటుంబాల్లో ఇంటికొకరికి చొప్పున శిక్షణ ఇవ్వడాన్ని లక్ష్యంగా పెట్టుకుంది. అభ్యర్థుల వయసు 14 నుంచి 60 ఏళ్లు. శిక్షణ వ్యవధి 20 గంటలు. 2024 మార్చి 31న పథకం ముగిసేనాటికి సుమారు 6.39 కోట్ల మంది శిక్షణ పూర్తిచేయగా, వారిలో 4.78 కోట్ల మంది ధ్రువపత్రాలు పొందారు.

పరికరాన్ని తెరవడం, మూయడం, ఇమెయిల్ పంపడం, ఇంటర్నెట్‌లో వెతకడం, ప్రభుత్వ సేవలు పొందడం, నగదు రహిత చెల్లింపులు జరపడం ఆ పాఠ్యాంశాలలో ముఖ్యమైనవి. ఐక్యరాజ్యసమితి సుస్థిరాభివృద్ధి లక్ష్యాల కింద డిజిటల్ నైపుణ్యాలను లెక్కించే సూచికదీ దాదాపు ఇదే ధోరణి. ఫైలును కాపీ చేయగలరా, ఇమెయిల్‌కు పత్రాన్ని జతచేయగలరా, స్ప్రెడ్‌షీట్‌లో సూత్రాలు వాడగలరా అన్నవి అందులోని ప్రశ్నలు. ఇవి బల్లమీది కంప్యూటరును దృష్టిలో ఉంచుకున్న ప్రశ్నలు. జీవితంలో ఒక్క ఫైలునూ కాపీ చేయని కూరగాయల వ్యాపారి రోజుకు పదుల చెల్లింపులను ఫోన్‌లోనే స్వీకరిస్తున్న దేశంలో ఈ కొలబద్ద కొంత పొట్టిదే.

ఆ వ్యాపారికి కావలసిన నైపుణ్యం వేరు. 2016లో నేషనల్ పేమెంట్స్ కార్పొరేషన్ ప్రారంభించిన యూపీఐ విధానంలో, ఖాతా నుంచి డబ్బు పోవడానికే పిన్ అవసరం; డబ్బు రావడానికి అక్కర్లేదు. ఈ ఒక్క నియమం తెలియకపోవడమే అనేక మోసాలకు మూలమైంది. పాత సామాను కొంటామంటూ ఫోన్ చేసిన వ్యక్తి చెల్లింపు అభ్యర్థనను పంపి, ‘పిన్ కొడితే డబ్బు మీ ఖాతాలో పడుతుంది’ అని నమ్మిస్తాడు. చెల్లిస్తున్నది ఎవరో తెరమీద రాసే ఉంటుంది, తరచు ఆంగ్లంలో. మీటలు నొక్కడం బాగా వచ్చినవారు కూడా అక్కడ మోసపోయారు. వారికి కొరవడింది ఆ అక్షరాలను చదివి, ఒక్క క్షణం ఆగడం. వ్యక్తుల మధ్య ఇటువంటి అభ్యర్థనలను 2025 అక్టోబరు 1 నుంచి నిలిపివేశారు. ఒక దారి మూతపడింది గాని, పిన్ నియమం మాత్రం ఎప్పటికీ గుర్తుంచుకోవలసినదే.

వెబ్ చిరునామాను చదవడం మరో మౌలిక నైపుణ్యం. తెలుగు వాక్యంలో క్రియ చివర వచ్చి అర్థాన్ని స్థిరపరచినట్లే, చిరునామాలోనూ అసలు సంగతి చివరనే ఉంటుంది. హెచ్‌టీటీపీఎస్ తరవాత మొదలై, మళ్లీ వచ్చే ఏటవాలు గీతతో ముగిసే పేరును కుడినుంచి ఎడమకు చదవాలి. మొదట్లో బ్యాంకు పేరుండి, చివర సంబంధంలేని పదముంటే అది ఆ బ్యాంకుది కాదు. ఈ గుర్తింపును సులభం చేసేందుకే, 2025 అక్టోబరు 31లోగా ‘డాట్ బ్యాంక్ డాట్ ఇన్’ చిరునామాలకు మారాలని రిజర్వు బ్యాంకు బ్యాంకులను ఆదేశించింది. కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వ వెబ్‌సైట్లు సాధారణంగా ‘డాట్ గవ్ డాట్ ఇన్’తో ముగుస్తాయి.

బెదిరింపును గుర్తించడమూ ఇప్పుడు అక్షరాస్యతలో భాగమే. పోలీసు దుస్తుల్లో వీడియో కాల్ చేసి, ‘డిజిటల్ అరెస్టు’ చేశామంటూ గంటల తరబడి కదలనివ్వకుండా డబ్బు గుంజే ముఠాల గురించి ప్రధానమంత్రి 2024 అక్టోబరు 27న ‘మన్ కీ బాత్’ ప్రసంగంలో హెచ్చరించారు. అటువంటి అరెస్టు భారతీయ చట్టంలో ఎక్కడా లేదు. బాధితులు ఫిర్యాదు చేయవలసిన జాతీయ నంబరు 1930. బదిలీ అయిన సొమ్ము ఖాతాలు మారిపోకముందే నిలిపివేయించే అవకాశం ఉంటుంది కనుక, ఇందులో తొలి గంటలు అత్యంత కీలకం.

రాబోయే మార్పులు తెరను నడపడాన్ని తేలిక చేస్తున్నాయి. సాధారణ ఫోన్ల కోసం 2022 మార్చిలో ‘యూపీఐ 123పే’ వచ్చింది. అదే ఏడాది ప్రారంభమైన ‘భాషిణి’ భారతీయ భాషల మధ్య యంత్రానువాదం, మాటను అక్షరంగా మార్చే సదుపాయాలు కల్పిస్తోంది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2025 జనవరి 30న ‘మన మిత్ర’ పేరిట 161 సేవలను వాట్సాప్‌లోకి తెచ్చింది. నోటిమాటతోనే పని జరిగే చోట టైపింగ్ రాకపోవడం పెద్ద లోటు కాదు. అయితే కృత్రిమ మేధ మనిషి గొంతునూ ముఖాన్నీ అనుకరించగలుగుతోంది. ఫోన్‌లో కొడుకు గొంతు వినిపించి డబ్బడిగినా, ఆ కాల్ పెట్టేసి, తెలిసిన నంబరుకు తామే తిరిగి ఫోన్ చేసి నిర్ధారించుకోవడం ఇక అలవాటు కావాలి.

ఇక వ్యక్తిగత సమాచారం. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం ప్రకారం, సంస్థలు సమ్మతి కోరేటప్పుడు ఇచ్చే నోటీసును ఆంగ్లంలో గాని, రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూల్‌లోని 22 భాషల్లో దేనిలోనైనా గాని చదివే వీలు కల్పించాలి. చట్టం కింద నియమాలు 2025 నవంబరులో వెలువడ్డాయి. అమలు దశలవారీగా జరగవలసి ఉంది. అంటే తెలుగు పాఠకులు తమ భాషలోనే నోటీసును కోరవచ్చు. ఆ తెలుగు ఎటువంటిదన్నది వేరే ప్రశ్న. చట్టంలోని ‘డేటా ఫిడ్యూషియరీ’ అన్న మాటను లిపి మార్చి అలాగే ఉంచితే చదివేవారికి ఏమీ బోధపడదు. ‘మీ సమాచారం తీసుకుంటున్న సంస్థ’ అని రాస్తే, అంగీకరించాలో వద్దో వారే నిర్ణయించుకోగలరు.