మైకుసెట్టు అంగడి

కోవిల్‌పట్టి, విరుదునగర్ నల్లరేగడి ఊళ్ళ చరిత్ర అంటే పత్తి, అగ్గిపెట్టెలు, కడలై మిఠాయి అని రాసి ఊరుకుంటారు. మైకుసెట్టు అంగళ్ళ సంగతి ఎవరూ రాయరు. కోవిల్‌పట్టిలో మా మేనమామది అలాంటి అంగడే కనుక నాకు తెలిసింది చెబుతాను.

మొదట్లో అది రేడియో రిపేరు అంగడి. అప్పట్లో ఇంట్లో రేడియో ఉంటే పోస్టాఫీసులో ఏటా లైసెన్సు కట్టాలి. 1980ల నడిమిదాకా ఆ తంతు సాగింది. తిరునెల్వేలి ఆకాశవాణి 1963లో వచ్చినా, మా ఇంట్లో ముల్లు సిలోన్ మీదే నిలిచేది. మీనాక్షి పొన్నుదురైగారు తెలుగు పాటలు వినిపించేవారు. ఇంట్లో తెలుగు మాట్లాడి, బడిలో తమిళం చదివే మాకు మన మాట సముద్రం అవతలినుంచి వచ్చింది, చూడండి!

రిపేరు కూలితో సంసారం గడవదు. మామ అహూజా ఆంప్లిఫయరు కొన్నాడు. 1940లో ఢిల్లీలో మొదలైన ఆ కంపెనీ కూడా కుటుంబ వ్యాపారమే. కరెంటు లేని పల్లెలకు కారు బ్యాటరీ, 78 వేగపు రికార్డులు, రెండు బాకాలు బండిలో వేసుకుపోయేవాడు. వేపకొమ్మకు బాకా కట్టాలి. రికార్డు ఒక పక్క మూడు నిమిషాలే. ముల్లు మార్చేవాడికి పెళ్ళిలో నెమ్మదిగా భోంచేసే యోగం లేదు. బాకాలో మంద్రం సరిగా పలకదు గాని, మాట పక్క ఊరిదాకా పోతుంది. ఊరికి కావలసింది అదే. రాత్రి పదినుంచి ఉదయం ఆరుదాకా మోగించరాదని 2000లో నియమాలు వచ్చాయి. ఆ తరువాత మా బాకాలు అటకెక్కాయి.

అంతకుముందే క్యాసెట్లు వచ్చాయి. 1976లో 'అన్నక్కిళి'తో ఇళయరాజా వచ్చాక, చీటీమీద పాటల పేర్లు రాసిచ్చి ఎక్కించుకునేవాళ్ళు బారులు తీరారు. హక్కుల మాట అప్పుడు ఎవరికీ తోచలేదు.

ఇడైసెవల్ కి. రాజనారాయణన్‌గారు మన వలస కథను 'గోపల్లగ్రామం'గా తమిళంలో రాశారు. పాటలు మాత్రం ముసలివాళ్ళ నోళ్ళలోనే ఉన్నాయి. మామ ఒకనాడు అవ్వచేత పెళ్ళిపాటలు, జోలలు పాడించి ఒక టేపు నింపాడు. వెనక ప్లాస్టిక్ రెక్క విరవడం మరిచాడు. సెలవుల్లో అంగట్లో కూర్చున్న నేను, విరుదునగర్ ఆయనెవరో తొందరపెడితే, ఖాళీదనుకుని దానిమీదే సినిమా పాటలు ఎక్కించి ఇచ్చాను.

మామ తిట్టలేదు. "మళ్ళీ పాడిస్తాంలేరా" అన్నాడు. ఆ ఏడే అవ్వ పోయింది.

తరువాత విరుదునగర్ వెళ్ళి, కొత్త టేపు ఇచ్చి పాతది తెచ్చుకున్నాను. రెండో పక్క చివర, సినిమా పాట తెగిపోయాక, ఒక జోల సగంనుంచి ఉంది. నిమిషం కూడా రాదు.