ఓడుటయు నొక విద్యయే

నలుగురు మనుష్యులు కూడిన చోట నాలుగు అభిప్రాయములుండుట సహజము. అభిప్రాయభేదము దోషము కాదు. అది యెట్లు తీరవలయునో తెలియకుండుటయే దోషము. కొందరు కేకలతో దీర్చుకొందురు. కొందరు కఱ్ఱలతో దీర్చుకొందురు. మరికొందరు మాటలాడుట మాని యేండ్లు గడుపుదురు. మాటతోనే తీర్చుకొనుటకు మన దేశమున సుమారు రెండువేల యేండ్లనాటి శాస్త్రమొకటి యున్నది. అది పండితుల సొత్తనియు, సంసారులకు దానితో పనిలేదనియు లోకుల తలంపు. ఆ తలంపు తప్పని చూపుటయే యీ వ్యాసమున కుద్దేశము.

కర్నూలు జిల్లా పశ్చిమభాగమున, ఆదోని ప్రాంతమున, ఆస్పరి మండలమున కైరుప్పల యను గ్రామము కలదు. అచట ఏటేట ఉగాది మరునాడు ఊరు రెండు పక్షములుగా చీలును. ఒకటి వీరభద్రస్వామి పక్షము. రెండవది భద్రకాళీదేవి పక్షము. స్వామి దేవిని ప్రేమించియు పెండ్లికి జాగుచేసెననియు, దేవిపక్షమువారు దానిని అవమానముగా నెంచి పిడకలతో గొట్టిరనియు, స్వామిపక్షమువారు బదులు కొట్టిరనియు, తుదకు రాజీ కుదిరి పెండ్లి జరిగెననియు అచ్చటివారు చెప్పుకొను కథ. ఆ కథను గ్రామస్థులు నేటికిని నటింతురు. ముందుగా పోగుచేసిన పిడకలను ఇరుపక్షములవారును ఒకరిపై నొకరు విసరుకొందురు. దెబ్బలు తగిలినవారు ఆలయమున విభూతి పూసికొందురు. పిమ్మట దేవీదేవరులకు కల్యాణము జరుగును.

ఈ యాచారమును చూచి నవ్వువారు కలరు. కాని కొంచెము నిదానించి చూచినయెడల దీనియందు మూడు కట్టుబాట్లు కనబడును. కలహమునకు దినము నియతము, ఆయుధము నియతము, ముగింపు నియతము. పిడకకు మారుగా ఱాతిని పట్టుటకు వీలులేదు. నేటి పగను రేపటికి దాచుటకు వీలులేదు. ఇంతవరకు మెచ్చదగినదే. అయినను ఒక కొఱత యున్నది. జాగుచేసిన స్వామిది తప్పా, తొందరపడిన దేవిపక్షమువారిది తప్పా యను ప్రశ్నకు ఆ పోరాటమువలన సమాధానము దొరకదు. పిడక యెంత గట్టిగా తగిలినను అది హేతువు కాదు. కలహము చల్లారినది; సత్యము తేలలేదు.

సత్యమును తేల్చుటకు వేఱొక సాధనము కావలెను. దానికై దూరదేశములకు పోనక్కరలేదు. ఆదోనికి ఉత్తరమున, తుంగభద్రయొడ్డున నున్న మంత్రాలయమున 1671లో బృందావనస్థులైన రాఘవేంద్రతీర్థులను జనులు మహిమలు చూపిన స్వామిగానే ఎఱుగుదురు. ఆయన గొప్ప తార్కికుడని ఎఱిగినవారు తక్కువ. విజయనగర రాజుల కాలపు వ్యాసతీర్థులు రచించిన తర్కతాండవమునకు ఆయన న్యాయదీపమను వ్యాఖ్య వ్రాసెను. ఆ వ్యాసతీర్థులదే న్యాయామృతమను మఱియొక గ్రంథము. అది అద్వైతమును ఖండించుటకు పుట్టినది. దానికి మధుసూదన సరస్వతి అద్వైతసిద్ధియందు అంశమున కంశముగా సమాధానము చెప్పెను. ప్రతిపక్షి చెప్పిన దానిని ముందుగా చెప్పి, ఆ పిమ్మట ఖండించుట మన శాస్త్రకారుల పద్ధతి. దీనిని పూర్వపక్షమందురు. ఎదిరి మాటను అతడే ఒప్పుకొనునట్లు మనము తిరిగి చెప్పలేనియెడల దానిని కాదనుటకు మనకు అర్హత కలుగలేదని దీని భావము.

గౌతముని న్యాయసూత్రములు సంభాషణమును మూడు విధములుగా విభజించినవి. సత్యమును తెలిసికొనగోరి ప్రమాణములతో జరుపునది వాదము. గెలువగోరి, మాటలలో మెలికలు పెట్టియైనను జరుపునది జల్పము. తనకంటూ ఒక పక్షము నిలుపక ఎదిరి పక్షమును చెఱుచుటకు మాత్రమే జరుపునది వితండ. ఈ కడపటి రెండింటిని గౌతముడు బొత్తిగా నిషేధింపలేదు; మొలకను కాచుటకు ముళ్లకంప యెట్టిదో, తత్త్వమును కాచుటకు ఇవి యట్టివని తలచెను. చేను చుట్టు కంప వేయువాడు రైతే. కాని కంపను చూపి యిదే పంట యనువాడు రైతు కాడు. వైద్యగ్రంథమైన చరకసంహితయును సంధితో చేయు సంభాషణము, విరోధముతో చేయు సంభాషణము అని రెండు తెఱగులు చెప్పినది. వైద్యునికి సహితము తోడివైద్యునితో తర్కించుట విద్యాభివృద్ధికి సాధనమని దాని మతము.

ఈ శాస్త్రమును పిల్లలకు గూడ అందునట్లు చేసిన కీర్తి మన ఆంధ్రునిదే. సుమారు 17వ శతాబ్దమున నున్న అన్నంభట్టు తర్కసంగ్రహమను చిన్న పొత్తమును, దానికి దీపికయను వ్యాఖ్యను రచించెను. కాశికి పోయినంతమాత్రమున ఎవడును అన్నంభట్టు కాజాలడని పండితలోకమున ఒక సామెత పుట్టినదన్న, ఆయన ప్రతిష్ఠ యెంతటిదో ఊహింపవచ్చును. తనకై తాను ఊహించుకొనుట ఒకటి, పరులకు నచ్చజెప్పుట మఱియొకటి యని ఆయన వివరించెను. పరులకు చెప్పునపుడు అయిదు మెట్లు ఎక్కవలెను. కొండమీద నిప్పున్నదనుట ప్రతిజ్ఞ. పొగ యుండుటచేత ననుట హేతువు. పొగ యున్నచోట నెల్ల నిప్పుండును, వంటయింటిలో వలె ననుట ఉదాహరణము. ఈ కొండమీదను అట్టి పొగయే యున్నదనుట ఉపనయము. కావున నిప్పున్నదనుట నిగమనము. దీనిని తలక్రిందు చేసి, నిప్పున్నచోట నెల్ల పొగ యుండుననరాదు. కమ్మరి కొలిమిలో కాగిన యినుపగుండునందు నిప్పే కాని పొగ లేదు. ఒక్క యినుపగుండు చాలును, అంతటి సూత్రమును కూల్చుటకు.

ఇది కొండలకును పొగలకును చెందిన మాట కాదు. మన యిండ్లకు చెందిన మాట. ఆడుపిల్లకు చదువు వలదు, చదివిన స్త్రీ వినయము కోలుపోవును గనుక అను వాక్యమును మన పెద్దలు ఎన్నిసార్లు చెప్పలేదు? ఇది ప్రతిజ్ఞయును హేతువును గల వాక్యమే. ఉదాహరణము వద్దనే అది కుంటుపడును. చదివియు వినయవతులైన స్త్రీలు పదిమంది కనబడిరేని ఆ హేతువు వ్యభిచరించినదే యగును. బండారు అచ్చమాంబ చేసిన పని యిదియే. 1874లో పుట్టి 1905లో, ముప్పదియొక్క యేండ్ల లోపలనో ముప్పదియొకటవ యేటనో గతించిన ఆమె, స్త్రీలు బుద్ధిహీనులను అపవాదమును కోపముతో నెదిరింపలేదు. అబలాసచ్చరిత్రరత్నమాలయందు విదుషీమణుల చరిత్రములను ఒక్కొక్కటిగా కూర్చి పాఠకుల ముందుంచెను. అందలి ప్రతి చరిత్రమును ఒక యినుపగుండు.

వాదబలమునకును దాని పరిమితికిని రాజమహేంద్రవరము సాక్షి. వితంతు వివాహము చట్టసమ్మతమని 1856లోనే శాసనమైనను, తెలుగుదేశమున దానివలన ఒక్క పెండ్లియైనను జరుగు జాడ కనబడలేదు. శాసనము అనుమతింపగలదు, ఒప్పింపజాలదు. కందుకూరి వీరేశలింగము 1879 ఆగస్టులో తన మొదటి యుపన్యాసము నిచ్చునపుడు పాశ్చాత్యుల గ్రంథములను నమ్ముకొనలేదు. బంగాళమున ఈశ్వరచంద్ర విద్యాసాగరుడు చూపిన త్రోవను స్మృతులనే ప్రమాణముగా చేకొనెను. కలియుగధర్మములను చెప్పునది పరాశరస్మృతి యని ప్రతిపక్షులును అంగీకరింతురు. ఆ స్మృతి కొన్ని ఆపదలయందు స్త్రీకి పునర్వివాహము ననుమతించినది. కావున నది కలియుగమున ధర్మమే యని వాదము. ఎదిరి నిలిచిన నేలమీదనే నిలిచి మాటలాడుట యనగా నిదియే.

పండితులు ప్రత్యుత్తరము లిచ్చిరి, వాదోపవాదములు సాగినవి. 1881 డిసెంబరు 11న గోగులపాటి శ్రీరాములునకును గౌరమ్మకును వివాహము జరిగినది. అంతట వాదము వెనుకబడి బహిష్కారము ముందునకు వచ్చినది. పెండ్లిలో పాల్గొన్నవారిని కులమునుండి వెలివేయుదుమని బెదరించిరి; కొందరు ప్రాయశ్చిత్తములు చేసికొనిరి. బహిష్కారమును పిడకవంటిదే, హేతువు కాదు. పిడకకంటెను చెడ్డది, కైరుప్పల పోరు కల్యాణముతో ముగియును, వెలి తరములు నిలుచును. న్యాయముగా చెప్పవలెనన్న సంస్కర్తల పక్షమునను ముళ్లకంప లేకపోలేదు. వీరేశలింగముగారి ప్రహసనములును, వివేకవర్ధనిలోని యెత్తిపొడుపులును ప్రతిపక్షులను నవ్వులపాలు చేసినవి. అవి చేనికి కావలి కాచినవి. పంటను పండించినవి మాత్రము ఆ యుపన్యాసములును, ఆ వివాహములును.

ఇక శాస్త్రమున మనము మఱచిన భాగమొకటి కలదు. గౌతముడు ఎట్లు గెలువవలెనో చెప్పి యూరకుండలేదు. మనుష్యుడు ఎప్పుడు ఓడినట్లో ఇరువదిరెండు తావులు గుర్తించి, వానికి నిగ్రహస్థానములని పేరిడెను. వానిలో కొన్నింటిని చూచిన, మన చావడులును వంటయిండ్లును కన్నుల గట్టును. చెప్పిన ప్రతిజ్ఞను నడుమ విడిచిపెట్టుట ఒకటి. ఒక హేతువు చెల్లనిదికాగా మెల్లగా మఱియొక హేతువునకు మారుట ఒకటి. సంబంధములేని సంగతి యెత్తుట ఒకటి. నాకు పని యున్నదని నడుమ లేచిపోవుట ఒకటి. దీనికి విక్షేపమని పేరు. నీయందుమాత్రము ఆ దోషము లేదా యని యెదురడుగుట మఱియొకటి. తన దోషము నంగీకరించినట్లే యగుటచే దీనిని మతానుజ్ఞ యనిరి. ఈ తావులలో దేనియందు చిక్కినను సభ వానిని ఓడినవానిగా నెంచును. ఓడినవాని తల తీయరు; వెలివేయరు. అతని మాట నిలువలేదని మాత్రమే తేలును.

ఓటమి కింత చిన్న వెల కట్టబడినచోటనే మనుష్యుడు సత్యమునకు లొంగగలడు. ఓడిన మానము పోవునని భయపడు తండ్రి కుమార్తె చదువునుగూర్చి చెప్పిన తప్పుమాటను ముప్పది యేండ్లు మోయును. ఓడినను పెద్దరికమునకు కొఱత రాదని యెఱిగినవాడు రేపటి యుదయమే పిల్లను బడికి పంపును. కనుక మన బాలబాలికలకు వాదించుట నేర్పునపుడు అయిదు మెట్లతో నాపక, ఇరువదిరెండు తావులను గూడ నేర్పవలెను. తల్లిదండ్రులు వారికంటె ముందు నేర్వవలెను. అమ్మా, నీ హేతువు సరియైనది, నా మాట మార్చుకొంటినని పెద్దలు పిల్లల యెదుట ఒక్కసారి పలికినయెడల, ఆ యింట తర్కశాస్త్రము సగము చదివినట్లే.