గార్డియన్ సంతకం ఎవరిది?

ఇవాళ మనం మాట్లాడుకోబోయేది వంటింట్లో కూడా గొంతు తగ్గించి చెప్పుకొనే విషయం. 18 ఏళ్ళు నిండని ఆడపిల్ల నెల తప్పితే, ఆ గర్భం తీయించడానికి ఎవరు ఒప్పుకోవాలి? ఆస్పత్రి కాగితం మీద గార్డియన్ అన్నచోట ఎవరు సంతకం పెట్టాలి? ఆ ఒక్క సంతకం వెనక చాలా చరిత్రే వుంది. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు వైపు నిలబడి చూస్తే అది బాగా తెలుస్తుంది.

ముందు ఆ నేల సంగతి. కృష్ణకూ తుంగభద్రకూ మధ్యనున్న గద్వాల, అలంపూర్ ప్రాంతాన్ని నడిగడ్డ అంటారు. గద్వాల, వనపర్తి నిజాం కింద సంస్థానాలు. తుంగభద్ర దాటితే కర్నూలు, అది అప్పట్లో ఇంగ్లీషువాళ్ళ మద్రాసు రాష్ట్రంలో వుండేది. ఏరు ఒక్కటే, ఒడ్డుకో ప్రభుత్వం, ఒడ్డుకో చట్టం. 1929లో శారదా చట్టం వచ్చి, 14 ఏళ్ళు నిండకుండా ఆడపిల్లకు పెళ్ళి చేయరాదన్నది. అది కర్నూలుకు వర్తించింది గాని గద్వాలకు వర్తించలేదు.

చట్టం ఒక ఒడ్డునే వుంటే జనం రెండో ఒడ్డుకు పోతారు. గోదావరి జిల్లాల వాళ్ళు ఫ్రెంచివారి యానాం వెళ్ళి పసిపిల్లలకు మూడుముళ్ళూ వేయించుకొచ్చారు. ఆ వూరికి కళ్యాణపురం అని పేరే పడింది. ఆ ప్రయాణాల్లో పిల్లను అడిగిందెవరు? సరిహద్దు దాటింది పెద్దలు, దాటించబడింది పిల్ల.

అమెరికాలో యిదే కథ తిరగబడింది. అక్కడ గర్భస్రావం విషయంలో రాష్ట్రానికో చట్టం. కొన్నిచోట్ల తల్లిదండ్రులకు చెప్పి తీరాలి, కొన్నిచోట్ల అక్కర్లేదు. దాంతో పిల్లలే పక్క రాష్ట్రానికి వెళ్ళడం మొదలైంది. యింట్లో చెప్పలేని పిల్లకు జడ్జి దగ్గరకు వెళ్ళే దారి వుండాలని 1979లో అక్కడి సుప్రీంకోర్టు అన్నది. 2022లో అదే కోర్టు దేశమంతటికీ వున్న గర్భస్రావ హక్కునే తీసేసింది. మరుసటి ఏడు ఐడహో రాష్ట్రం, తల్లిదండ్రులకు తెలియకుండా పిల్లను అబార్షన్‌కు తీసుకెళ్ళే పెద్దవాళ్ళకు జైలుశిక్ష అంటూ చట్టం చేసింది. పిన్నో, మేనత్తో తోడు వెళ్ళినా నేరమేనన్నమాట.

మన దేశంలో రాష్ట్రానికో తీరు లేదు. 1860 నాటి శిక్షాస్మృతిలో గర్భం పోగొట్టడం నేరం, తల్లి ప్రాణం కాపాడడానికైతే తప్ప. దానివల్ల ఆగింది గర్భస్రావాలు కాదు, డాక్టర్ల చేతులు. నాటుమందులకూ పుల్లలకూ ప్రాణాలు వదిలినవాళ్ళు ప్రతి తరంలోనూ వున్నారు. 1964లో శాంతిలాల్ షా కమిటీ వేశారు. 1971లో ఎం.టి.పి. చట్టం చేశారు, 1972 ఏప్రిల్ 1 నుంచి అమలైంది. 18 దాటిన స్త్రీకి తన ఒప్పుదల ఒక్కటే చాలు. భర్త సంతకం, అత్తగారి అనుమతి చట్టం అడగదు. ఈ ముక్క యిప్పటికీ ఎంతోమందికి తెలియదు, అందుకే నొక్కి చెబుతున్నాను. 18 నిండని పిల్లకు మాత్రం గార్డియన్ రాతపూర్వకంగా ఒప్పుకోవాలి.

ఆ రోజుల్లో ఆడపిల్ల పెళ్ళి వయసు 15 ఏళ్ళే. 18 అయింది 1978లో. అంటే పదహారేళ్ళ పిల్ల చట్టప్రకారం కాపురం చేయవచ్చు, గర్భం వద్దనుకుంటే మాత్రం మైనరు! పైగా 1956 నాటి హిందూ మైనారిటీ చట్టం, పెళ్ళయిన మైనరు పిల్లకు భర్తే సహజ గార్డియన్ అన్నది.

ఎం.టి.పి. చట్టం గార్డియన్ అన్న మాటకు తన అర్థం తాను చెప్పుకుంది. తండ్రి అనలేదు, తల్లి అనలేదు. మైనరు ఆలనాపాలనా ఎవరి చేతిలో వుంటే వారు అన్నది. ఈ చిన్న వాక్యం విలువ పాలమూరు వాళ్ళకు తెలిసినట్టు యింకెవరికీ తెలియదు. ఈ మూడు జిల్లాలూ 2016 దాకా మహబూబ్‌నగర్ జిల్లాలోనివే. కరువు నేల. గుంపుమేస్త్రీ వెంట బొంబాయికో, పూనాకో, యింకెక్కడికో మట్టిపనికి పోయిన తల్లిదండ్రులు నెలల తరబడి వూరు చూసేవాళ్ళు కాదు. పిల్లలు అవ్వ దగ్గరే. అలాంటి యింట్లో పిల్లకు కష్టం వస్తే తండ్రి సంతకమే కావాలని పట్టుబట్టడమంటే, ఆయన వచ్చేలోపు వారాలు దాటిపోవడమే. 1971 చట్టం ప్రకారం 12 వారాల దాకా ఒక డాక్టరు చాలు, 20 దాకా యిద్దరు కావాలి. ఆపైన దారి దాదాపు మూసినట్టే. 2021 సవరణ ఒక డాక్టరు గడువును 20 వారాలకు పెంచి, మైనర్లకు యిద్దరు డాక్టర్లతో 24 దాకా అవకాశమిచ్చింది. ఆలనాపాలనా చూసే ఆ అవ్వ వేలిముద్ర చట్టానికి సరిపోతుంది. ఆ సంగతి అవ్వకు చెప్పేవాళ్ళు వుండాలి గదా!

ఇక ఏరు దాటే మాట. రాయచూరు 1956 దాకా హైదరాబాదు రాష్ట్రంలోదే, ఆ తర్వాత మైసూరుకు పోయింది. 2014లో కర్నూలు మళ్ళీ వేరే రాష్ట్రమైంది. గీతలు మారాయి గాని సంతకం మారలేదు. గద్వాలలో అడిగేదే కర్నూలు పెద్దాసుపత్రిలోనూ అడుగుతారు, రాయచూరులోనూ అడుగుతారు. పిల్లను ఏరు దాటించేవాళ్ళు తప్పించుకునేది చట్టాన్ని కాదు, తెలిసినవాళ్ళ కళ్ళను. నిజానికి ఆ కళ్ళకు చట్టంలోనే అడ్డుతెర వుంది. ఒప్పుదల పత్రాన్ని కవరులో పెట్టి సీలు వేసి, రహస్యం అని రాయాలి. కవరు మీద పేరుండదు, రిజిస్టరు నంబరే వుంటుంది.

ఆ తెరకు 2012లో ఒక చిరుగు పడింది. పిల్లల మీద లైంగిక నేరాలను అరికట్టే పోక్సో చట్టం వచ్చి, 18 లోపు పిల్ల గర్భం సంగతి తెలిసిన డాక్టరు పోలీసులకు చెప్పి తీరాలన్నది. ఉద్దేశం మంచిదే. కాని పోలీసు మాట వినగానే ఏ తల్లి గుండె జారదు? అలా భయపడిన యింటివాళ్ళు మంచి ఆస్పత్రి వదిలి చాటు వైద్యుల పాలవుతారు. 2022 సెప్టెంబరు 29న సుప్రీంకోర్టు దీనికి దారి చూపింది. పిల్లా, గార్డియనూ కోరితే డాక్టరు పోలీసులకిచ్చే సమాచారంలో ఆమె పేరూ, వివరాలూ చెప్పనక్కర్లేదు.

ఇంతా చేసి, మైనర్ల గురించిన ఆ సెక్షన్‌లో పిల్ల ఒప్పుకోవాలన్న మాట విడిగా లేదు. గార్డియన్ ఒప్పుదలే రాశారు. గార్డియన్ ఒకటి, పిల్ల మరొకటి అంటే? 2024లో మహారాష్ట్ర నుంచి 14 ఏళ్ళ అమ్మాయి కేసు సుప్రీంకోర్టుకు వచ్చింది. అప్పటికి గర్భం 24 వారాలు ఎప్పుడో దాటిపోయింది. ఏప్రిల్ 22న కోర్టు అనుమతించింది. వారం తిరిగేసరికి పిల్ల ప్రాణానికి ఏమవుతుందోనని తల్లిదండ్రులు వెనక్కు తగ్గడంతో ఆ ఉత్తర్వు తీసేసింది. ఆ తీర్పులోనే, గార్డియన్ మాటకూ పిల్ల మాటకూ తేడా వచ్చినప్పుడు పిల్ల అభిప్రాయాన్ని కోర్టులు ముఖ్యంగా లెక్కలోకి తీసుకోవాలని రాసింది. చట్టం వచ్చిన 53వ ఏట.